బాగెట్: నాలుగు దినుసులు, ఒక చట్టం

బాగెట్ ఫ్రాన్సులో రోజూ తినే పొడుగాటి రొట్టె. రెండడుగులకు కాస్త అటూ ఇటూ పొడవు, పావు కిలో బరువు ఉంటుంది. పైన కరకరలాడే పెంకు, లోపల మెత్తటి గుజ్జు. గోధుమపిండి, నీళ్లు, ఉప్పు, పులియడానికి ఈస్ట్ ఉంటే చాలు. నూనె, పాలు, పంచదార దీని జోలికి రావు. ఈ రొట్టె చేసే నేర్పునూ దాని చుట్టూ అల్లుకున్న అలవాట్లనూ 2022 నవంబరు 30న మొరాకో రాజధాని రబాత్‌లో జరిగిన సమావేశంలో యునెస్కో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఫ్రెంచివారి దినచర్యను దగ్గరగా చూడాలనుకునే పరాయి దేశస్థుడికి ఈఫిల్ టవర్ కన్నా వీధి మొగలోని రొట్టెల కొట్టే ఎక్కువ చెబుతుంది.

వారసత్వం అనగానే వందల ఏళ్ల పాతదనుకుంటారు. రొట్టె పాతదే గాని బాగెట్ పాతది కాదు. 19వ శతాబ్దం దాకా ఫ్రెంచి పల్లెల్లో తిన్నది పుల్లటి లెవాన్‌తో, అంటే మునుపటి పిండిముద్దతో పులియబెట్టిన పెద్ద గుండ్రటి రొట్టె. ఒకసారి కాల్చి వారం తినేవారు. రొట్టె దొరక్కపోతే రాజ్యం కదిలిపోయేది. ధాన్యం ధరలపై 1775లో అల్లర్లు చెలరేగాయి. 1789 అక్టోబరు 5న ప్యారిస్ ఆడవాళ్లు రొట్టె కోసం వెర్సాయ్ కోటకు నడిచి వెళ్లారు. మర్నాడు రాజకుటుంబాన్ని ప్యారిస్‌కు తీసుకొస్తూ, రొట్టెలవాడినీ వాడి పెళ్లాన్నీ పిల్లాడినీ తెస్తున్నామని కేకలు వేశారు. రొట్టె లేకపోతే కేకులు తినమని రాణి మారీ ఆంత్వానెత్ అన్నదన్న మాటకు మాత్రం ఆధారం లేదు.

పొడుగు రొట్టె పుట్టుక మీద కథలకు కొదవ లేదు. నెపోలియన్ సైనికుల జేబులో పట్టేందుకు చేశారని ఒకటి, మెట్రో తవ్వే కూలీలు కత్తి లేకుండా తుంచుకునేందుకు చేశారని ఒకటి. రెండూ కాలక్షేపానికి పనికొస్తాయి, చరిత్రకు పనికిరావు. తెలిసినంతలో విషయం ఇది. వియన్నాకు చెందిన ఆగస్ట్ జాంగ్ అనే మాజీ సైనికాధికారి 1830ల చివర్లో ప్యారిస్‌లోని రిషెల్యూ వీధిలో బేకరీ తెరిచి, ఆవిరి పట్టే పొయ్యిలో కాల్చిన తేలికపాటి తెల్ల రొట్టెలను నగరానికి రుచి చూపించాడు. తరవాత మెరుగైన పిండి మరలు, ఈస్ట్ వచ్చాయి. బేకరీ పనివాళ్ల చేత రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 4 దాకా పని చేయించరాదని 1919లో చట్టం వచ్చాక, తొందరగా కాలే సన్నటి రొట్టెకు గిరాకీ పెరిగిందంటారు. 1920లో ప్యారిస్ ప్రాంతపు అధికారిక నియమాల్లో ‘బాగెట్’ పేరు బరువు, పొడవు, ధరలతో సహా కనిపిస్తుంది.

ఆ రొట్టె ఇరవయ్యో శతాబ్దం మధ్యలో చెడింది. రెండో ప్రపంచయుద్ధపు రోజుల్లో రేషన్ రొట్టె నల్లగా ఉండేది. దాంతో విసిగిన జనం తెల్లటి రొట్టె కోరుకున్నారు. వేగంగా తిరిగే యంత్రాలు వచ్చాయి. పిండిని ఎక్కువసేపు బాదితే గాలి చేరి రొట్టె తెల్లబడుతుంది, ఉబ్బుతుంది. పులియబెట్టే సమయం కూడా తగ్గించవచ్చు. కాని ఆ గాలే గోధుమకు లేత పసుపు రంగూ పరిమళమూ ఇచ్చే కెరొటినాయిడ్లను పాడుచేస్తుంది. చూడ్డానికి బొద్దుగా, తింటే దూదిలా ఉండే ఆ సరుకును రెమో కాల్వెల్ అనే బేకరీ ఆచార్యుడు జీవితమంతా విమర్శించాడు. విమర్శతో ఆగక 1974లో ఓటోలీజ్ అనే పద్ధతిని ముందుకు తెచ్చాడు. పిండినీ నీళ్లనూ మాత్రమే కలిపి అరగంటో గంటో వదిలేస్తే, ఎవరూ పిసక్కుండానే పిండిలోని జిగురు, అంటే గ్లూటెన్, తనంతట తాను సాగుతుంది. ఉప్పు, ఈస్ట్ ఆ తరవాతే. దాంతో పిసికే పని తగ్గుతుంది, రంగూ రుచీ నిలుస్తాయి.

ప్రభుత్వం 1993 సెప్టెంబరు 13న జారీ చేసిన ఆజ్ఞ రొట్టె చేసే పాత పద్ధతికి చట్టబలం ఇచ్చింది. ‘ఫ్రెంచి సంప్రదాయ రొట్టె’ అని అమ్మాలంటే గోధుమపిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్ లేదా లెవాన్ తప్ప రసాయనాలేవీ కలపరాదు, పిండిముద్దను ఏ దశలోనూ గడ్డకట్టించరాదు. చిక్కుడుజాతి గింజల పిండి 2 శాతం, సోయా పిండి 0.5 శాతం, మొలకెత్తించిన గోధుమల పిండి 0.3 శాతం మించకుండా కలుపుకోవచ్చు. మామూలు బాగెట్‌కు ఈ కట్టుబాట్లు లేవు. అందుకే ఒకే కొట్టులో రెండు రకాలూ పక్కపక్కన ఉంటాయి. కొసలు సూదిగా తేలి, పెంకు ముదురు రంగులో, గుజ్జు మీగడ రంగులో ఎగుడుదిగుడు కన్నాలతో ఉన్నది ‘త్రదిస్యోఁ’. ధర కొన్ని సెంట్లు ఎక్కువ. ఆ సెంట్లకు తగిన రొట్టే అది.

నేర్పు పిండి ఎంపిక దగ్గరే మొదలవుతుంది. ఫ్రెంచి పిండి సంచుల మీద టీ55, టీ65 అని అంకెలుంటాయి. పిండిని పూర్తిగా కాలిస్తే మిగిలే బూడిదను బట్టి ఆ అంకె. టీ65లో పొట్టు అంశ కొంచెం ఎక్కువ, సంప్రదాయ బాగెట్‌కు ఎక్కువమంది వాడేది అదే. కిలో పిండికి 650 నుంచి 700 గ్రాముల నీళ్లు, 18 గ్రాముల ఉప్పు, కొద్ది గ్రాముల ఈస్ట్. నీళ్ల వేడిని బేకరీవాడు లెక్కకట్టి పోస్తాడు. గది వేడి, పిండి వేడి, నీళ్ల వేడి మూడూ కలిపి ఇంత అని ఒక అంకె పెట్టుకుంటాడు. ఆ అంకె 56 అనుకుంటే, గది 22 డిగ్రీలు, పిండి 21 ఉన్న రోజున నీళ్లు 13 డిగ్రీలుండాలి. కలిపిన ముద్ద 24 డిగ్రీల దగ్గర తేలాలన్నది లక్ష్యం. గదినీ పిండినీ మార్చలేడు, చేతిలో ఉన్నది నీళ్లే.

కలిపిన ముద్దను చల్లని అరలో 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచడం ఇప్పుడు చాలా కొట్లలో మామూలు. మన ఇడ్లీ పిండిలాగే, ఈ పులుపూ సువాసనా తొందరపెడితే రావు. పొద్దున్నే ముద్దను 350 గ్రాముల చొప్పున కోసి, కాసేపు కదపకుండా వదిలేసి, మూడు మడతలు వేసి అరచేతులతో పొడుగ్గా దొర్లిస్తారు. గట్టిగా నొక్కితే లోపలి గాలి పోతుంది, వదులుగా చుడితే పొయ్యిలో చదునుగా పరుచుకుంటుంది. ఆ రెంటి మధ్య ఉన్న ఒత్తిడిని పుస్తకం నేర్పలేదు. దొర్లించిన వాటిని నారబట్ట మడతల్లో పక్కపక్కన పడుకోబెడతారు.

పొయ్యిలోకి తోసే ముందు బ్లేడు గాట్లు పెడతారు. బ్లేడును నిటారుగా పట్టరు. దాదాపు పడుకోబెట్టి, రొట్టె పొడవు వెంబడి ఏటవాలుగా గీస్తారు. ఒక గాటు కొస మీదుగా రెండోది మొదలవ్వాలి. వేడికి వాయువు ఒక్కసారిగా ఉబ్బినప్పుడు ఈ గాట్లే దారి ఇస్తాయి, లేకపోతే రొట్టె ఎక్కడో పక్కన పగులుతుంది. తెరుచుకున్న గాటు అంచు పైకి లేచి కరకరలాడుతుంది. బేకరీలవాళ్లు దాన్ని చూసి పనితనం అంచనా కడతారు, ఆ గాట్లను చేసినవాడి సంతకం అంటారు. పొయ్యి వేడి 250 డిగ్రీలు. రొట్టెలు పెట్టగానే ఆవిరి వదులుతారు. పైపొర వెంటనే గట్టిపడకుండా రొట్టె పెరుగుతుంది, పెంకుకు నిగారింపు వస్తుంది. ఇరవై నిమిషాలు దాటాక బయటికి తీస్తే, చల్లారుతూ పెంకు చిటపటలాడుతుంది. రొట్టె పాడుతోందంటారు.

ఇన్ని గంటల పని ఫలితం ఒక్క పూట ఉంటుంది. కొవ్వు లేని రొట్టె కనుక మర్నాటికి కర్రలా అవుతుంది. ఫ్రాన్సులో ఉదయమో సాయంత్రమో బేకరీకి వెళ్లే అలవాటు ఇలా నిలిచింది. కొత్తగా వచ్చిన విదేశీయుడి మొదటి భాషా పాఠం కూడా ఆ బేకరీ వరుసలోనే. లోపలికి అడుగు పెట్టగానే ‘బోఁజూర్’ అనాలి. అనకుండా నేరుగా రొట్టె అడిగితే మొరటుతనం కింద లెక్క. ఆ తరవాత ‘యూన్ త్రదిస్యోఁ, సిల్ వూ ప్లే’. బాగా కాలింది కావాలా, లేతగానా చెప్పాలి. ఒక్కరే ఉంటే సగం ముక్క అడిగినా చాలా కొట్లలో ఇస్తారు. ఇంటికి చేరేలోపు కొస తుంచి నోట్లో వేసుకోవడం పెద్దలూ చేసే పనే. బల్ల మీద రొట్టెకు వేరే పళ్లెం ఉండదు, గుడ్డ మీదే పెడతారు. తిరగేసి పెడితే మాత్రం అపశకునమనే నమ్మకం ఉంది. పొద్దున వెన్న, జామ్ రాసి కాఫీలో ముంచుకుంటారు, రాత్రి ఛీజ్‌తో, కూరల అడుగున మిగిలిన సాస్‌తో తింటారు. ఎండిన ముక్కల్ని పాలు, గుడ్ల సొనలో నానబెట్టి వేయిస్తారు.

బయటివాళ్లు ఈ సంప్రదాయంలో చూసేవారిగానే ఉండిపోలేదు. ఫ్రెంచి రొట్టె చరిత్రకు అందరూ గౌరవించే పండితుడు స్టీవెన్ కాప్లాన్ అమెరికన్. ప్యారిస్ నగరం 1994 నుంచి ఏటా అత్యుత్తమ సంప్రదాయ బాగెట్‌కు పోటీ పెడుతోంది. బరువు, పొడవు నియమాలు తప్పినవి రుచి చూడకముందే వెళ్లిపోతాయి. మిగిలినవాటిలో కాల్పు, రుచి, గుజ్జు, పరిమళం, రూపం చూస్తారు. గెలిచినవాళ్లకు 4,000 యూరోలు, ఏడాదిపాటు అధ్యక్ష భవనం ఎలీజేకు రొట్టెలు పంపే అవకాశం. 2023లో ఆ గౌరవం దక్కింది శ్రీలంకలో పుట్టిన తర్షన్ సెల్వరాజాకు.

ఇంత పేరున్నా వృత్తి కుదురుగా లేదు. 1970లో దేశంలో 55 వేల దాకా ఉన్న చేతిపని బేకరీలు ఇప్పుడు 35 వేల దగ్గరకు వచ్చాయి. పల్లెల్లో కొట్టు మూతపడితే సూపర్‌మార్కెట్ రొట్టే దిక్కు. చట్టం చేసిన మేలు ఒకటుంది. 1998 మే 25 నాటి చట్టం ప్రకారం పిండి కలపడం నుంచి కాల్చడం దాకా అమ్మే చోటే చేసి, ఏ దశలోనూ గడ్డకట్టించనివాళ్లే ‘బులాంజరీ’ అని బోర్డు పెట్టుకోవాలి. ప్యారిస్ వెళ్లే తెలుగువారు ఆ బోర్డు చూసి లోపలికి వెళ్లండి, బాగెట్ అనకుండా త్రదిస్యోఁ అని అడగండి, ఆ పూటే తినండి. ఫ్రిజ్‌లో పెడితే అది ఇంకా తొందరగా గట్టిపడుతుంది.