నలభై మంది కలిస్తేగాని చావని రాక్షసుడు

ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ ఆటలు ఇంకా ఎవరైనా ఆడుతున్నారా అంటే, లక్షల్లో ఆడుతున్నారు, కాకపోతే వాళ్ళు ఆడేవి ఎక్కువగా పాతవే అని చెప్పాల్సి వస్తుంది. 2004 నవంబరులో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఇంకా నడుస్తోంది. 1999 నాటి ఎవర్‌క్వెస్ట్ నడుస్తోంది. 1996లో కొరియాలో నెక్సాన్ సంస్థ మొదలుపెట్టిన కింగ్‌డమ్ ఆఫ్ ది విండ్స్ కూడా నడుస్తూనే ఉంది. దాన్ని మొదట్లో ఆడిన కుర్రాళ్ళ పిల్లలకి ఈపాటికి ఓటు హక్కు వచ్చి ఉంటుంది. కొత్తగా కోట్లు పోసి తీసినవి మాత్రం చాలావరకు కొన్నేళ్ళకే చాప చుట్టేస్తున్నాయి. పాతవాటిలో ఏముందో చూస్తేగాని ఈ తేడా అర్థం కాదు.

వీటిని పొట్టిగా ఎంఎంఓ అంటారు. వేలమంది ఒకేసారి ఒకే లోకంలో తిరుగుతారు. ఒకడు కత్తి పట్టిన యోధుడు, ఒకామె మంత్రగత్తె, ఇంకొకడు పొద్దస్తమానం చేపలు పట్టి అమ్ముకునేవాడు. మీరు కంప్యూటర్ కట్టేసి పడుకున్నా ఆ లోకం ఆగదు. లేచేసరికి బజారులో ఇనుము ధర మారిపోయి ఉండొచ్చు, మీ గిల్డ్‌కి, అంటే మీ జట్టుకి, పక్క గిల్డ్‌తో తగాదా వచ్చి ఉండొచ్చు. ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో 1978లో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టి, తర్వాత రిచర్డ్ బార్టిల్ చేతికి అప్పగించిన మడ్ అనే ఆట వీటికి మూలం. అందులో బొమ్మలే లేవు, ఉత్త అక్షరాలు.

బొమ్మలు వచ్చాక కూడా ఈ ఆటల పనితనం బొమ్మల్లో లేదు. ఒక మనిషిని ఇంకో మనిషి అవసరంలో పడెయ్యడంలో ఉంది. దానికి వాడే పాత కిటుకు మూడు పాత్రల పొత్తు. బరువైన కవచం తొడుక్కుని రాక్షసుడి ఎదుట నిలబడి దెబ్బలు తినేవాడు ట్యాంక్. ఆ దెబ్బలు మాన్పుతూ ఉండేవాళ్ళు హీలర్లు. మిగిలినవాళ్ళు డీపీఎస్, అంటే కొట్టేవాళ్ళు. రాక్షసుడి బుర్రలో ఒక పట్టీ నడుస్తూ ఉంటుంది: ఎవరు ఎంత కొట్టారు, ఎవరు ఎంత వైద్యం చేశారు. ఆ పట్టీలో ఎవరు పైకొస్తే వాళ్ళ మీదికి తిరుగుతాడు. ఆటగాళ్ళు దీన్ని ఆగ్రో అంటారు. తన పేరు పైనుంచి జారిపోకుండా చూసుకోవడమే ట్యాంక్ పనల్లా.

వార్‌క్రాఫ్ట్ తొలి రోజుల్లో యోధుడికి సండర్ ఆర్మర్ అని ఒక దెబ్బ ఉండేది. అయిదు సండర్లు పడేదాకా ఎవరూ చెయ్యెత్తొద్దన్నది చాలా గిల్డుల్లో చట్టం. చేతినిండా నిప్పులున్న మంత్రగాడికి ఆ కొద్ది సెకన్లు ఆగడం ఎంత కష్టమో! ఆగనివాడి మీదికి రాక్షసుడు తిరిగాడా, ఒక్క దెబ్బతో సరి. తర్వాత వాడి వెనక నిలబడ్డ హీలర్, ఆ తర్వాత అందరూ. చెయ్యి ఆపుకోవడం నేర్పే ఆటలు నాకు తెలిసి చాలా తక్కువ.

గుంపు పెరిగేకొద్దీ ఈ లెక్క చిక్కబడుతుంది. మోల్టెన్ కోర్ అనే నిప్పుల గుహ మీద దాడికి, అంటే రైడ్‌కి, నలభై మంది వెళ్ళాలి. అందులో బేరన్ గెడ్డన్ అని ఒక అగ్గి రాక్షసుడు ఉన్నట్టుండి ఎవరో ఒకరిని ఎంచుకుని బతికున్న బాంబుగా మార్చేస్తాడు. ఆ మనిషి వెంటనే గుంపు వదిలి దూరంగా పరుగెత్తాలి. కొన్ని సెకన్లకి పేలి గాల్లోకి ఎగురుతాడు. దూరంగా ఉంటే ఆ దెబ్బ అతనొక్కడికే. తెర మీద గుర్తు చూసుకోకుండా తన మంత్రాల గొడవలో తానుంటే చుట్టుపక్కల వాళ్ళు కూడా పోతారు. అందుకే వాయిస్ చాట్‌లో ఎవరో ఒకరు పేరు పెట్టి అరుస్తూ ఉంటారు, బాంబు నువ్వే, గోడవైపు పో అని. ముప్పై తొమ్మిది మంది ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడినా, నలభయ్యోవాడు సరిగ్గా అప్పుడే టీ కప్పు అందుకున్నాడంటే ఆ రాత్రి పడ్డ కష్టమంతా బూడిదపాలు.

రాక్షసుడు చచ్చాక అసలు పేచీ మొదలవుతుంది. నలభై మంది చెమటోడిస్తే దొరికేది రెండో మూడో వస్తువులు. వాటిని ఎవరికివ్వాలి? 1999లోనే, ఎవర్‌క్వెస్ట్ ఆడే ఆఫ్టర్‌లైఫ్ అనే గిల్డ్ దీనికో పద్ధతి కనిపెట్టింది. పేరు డ్రాగన్ కిల్ పాయింట్స్, వాడుకలో డీకేపీ. రైడ్‌కి వచ్చినందుకు హాజరు వేసి పాయింట్లిస్తారు. మంచి వస్తువు దొరికినప్పుడు వాటితో పాట పాడుకోవచ్చు. చీటీ పాట తెలిసిన మనవాళ్ళకి దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. కొన్ని గిల్డులు, పాడుకున్నవాడు పెట్టిన పాయింట్లని ఆ రాత్రి వచ్చిన అందరికీ సమానంగా పంచేవి, చీటీలో పాడినవాడు వదులుకున్న సొమ్ము మిగతావాళ్ళకి డివిడెండుగా వచ్చినట్టే. ఈ నియమం కంపెనీ పెట్టింది కాదు, ఆడేవాళ్ళు తమకు తాము రాసుకున్నది. లెక్కలు చూడటానికో మనిషి, తగవులు తీర్చడానికి ఇద్దరు ముగ్గురు ఆఫీసర్లు, సెలవు పెట్టేవాళ్ళు ముందే చెప్పాలన్న కట్టడి. జీతమూ భత్యమూ లేకుండా ఈ చాకిరీ చేసేవాళ్ళు లేకపోతే ఏ ఎంఎంఓ కూడా ఇన్నేళ్ళు నిలిచేది కాదు.

ఇక వీటి నెమ్మది. చాలామంది దీన్ని లోపమనుకుంటారు. నా లెక్కలో వీటి ఆయుష్షంతా అందులోనే ఉంది. వార్‌క్రాఫ్ట్‌లో ఒక మంత్రానికీ తర్వాతి మంత్రానికీ మధ్య మామూలుగా ఒకటిన్నర సెకను ఆగాలి. ఫైనల్ ఫాంటసీ 14లో రెండున్నర సెకన్లు. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌లో సర్వర్ 0.6 సెకనుకి ఒక్కసారి మాత్రమే కదులుతుంది. దాన్ని టిక్ అంటారు. మీరు ఏది నొక్కినా జరిగేది తర్వాతి టిక్‌లోనే. ఈ మందగొడితనంలోంచే ఆటగాళ్ళు ఒక విద్య పుట్టించారు. ఆ ఆటలో ప్రార్థన అని ఒకటుంది. వేసి ఉంచితే దెబ్బల నుంచి కాపాడుతుంది, కానీ వేసి ఉంచినంతసేపూ ప్రార్థన శక్తి కరుగుతూ ఉంటుంది. సరిగ్గా టిక్ మారే వేళకి దాన్ని ఆర్పి వెలిగిస్తే రక్షణా దక్కుతుంది, శక్తీ ఖర్చు కాదు. ఆ లయ వేలికి పట్టినవాళ్ళు పెద్ద యుద్ధం మొత్తం అలా ఆర్పుతూ వెలిగిస్తూ లాగేస్తారు.

ఇందులో దూరాన ఉన్నవాళ్ళకి ఒక మేలుంది. హైదరాబాదు నుంచి లండన్ సర్వర్‌కి పింగ్, అంటే సంకేతం వెళ్ళి రావడానికి పట్టే సమయం, నూట యాభై మిల్లీసెకన్లు దాటినా 0.6 సెకన్ల టిక్‌లో అది ఇమిడిపోతుంది. తుపాకీ ఆటలో అదే ఆలస్యానికి మనం ఎప్పుడో చచ్చి ఉంటాం. నెమ్మది వల్ల ఇంకోటి కూడా జరుగుతుంది: నోటికి ఖాళీ దొరుకుతుంది. చెట్లు కొడుతూనో చేపలు పడుతూనో పక్కవాడితో ఉద్యోగాల సంగతీ ఇంటి సంగతీ మాట్లాడుకుంటారు. స్నేహాలు కుదిరేది ఎక్కువగా అక్కడే.

2009 డిసెంబరులో వార్‌క్రాఫ్ట్ డంజన్ ఫైండర్ అనే సదుపాయం తెచ్చింది. అంతకుముందు ట్యాంక్ కావాలి, హీలర్ కావాలి అని నగరం నడిబొడ్డున నిలబడి అరుచుకోవాలి. దొరికాక గుహ దాకా వెళ్ళాలి. ఆ తర్వాత మీట నొక్కితే చాలు, వేర్వేరు సర్వర్ల నుంచి అయిదుగురిని యంత్రమే జతచేసి గుహలో దింపేసేది. పని కాగానే ఒక్క మాటైనా లేకుండా విడిపోవడం మామూలైంది. ఆట చెడింది ఇక్కడే అని పాతకాపులు అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. చందాదారులు కోటీ 20 లక్షలకి చేరింది దాని తర్వాతే, 2010 అక్టోబరులో. చంటిపిల్లలున్నవాళ్ళకీ నైట్ షిఫ్టు వాళ్ళకీ అది వరమే. కానీ ఎదుటివాడి పేరు గుర్తుంచుకోవాల్సిన అవసరం మాత్రం పోయింది. వస్తువు కొట్టేసి పారిపోయినవాడి పేరు అంతకుముందు సర్వరంతా పాకేది, మంచి హీలర్ పేరూ అంతే.

2019 ఆగస్టులో వార్‌క్రాఫ్ట్ తీసిన బ్లిజార్డ్ సంస్థ తన పాత ఆటనే క్లాసిక్ పేరుతో, ఫైండర్ లేకుండా మళ్ళీ తెచ్చింది. లోపలికి వెళ్ళడానికే గంటల తరబడి క్యూలు. లోపలికెళ్ళాక కూడా, అందరికీ అదే రాక్షసుడు కావాలి గనక, కొన్నిచోట్ల ఆటగాళ్ళు తమంతట తామే వరుస కట్టి నిలబడ్డారు!

ఫైనల్ ఫాంటసీ 14ది ఇంకో దారి. 2010లో విడుదలై ఘోరంగా దెబ్బతింది. నిర్మాత నయోకి యోషిదా పగ్గాలు పట్టి, 2012 నవంబరులో ఆటలోని ఒక చంద్రుణ్ణి నేల మీదికి దింపి, కథలోనే ఆ లోకాన్ని సర్వనాశనం చేయించి, 2013 ఆగస్టులో మళ్ళీ మొదటినుంచి కట్టించాడు. నాకు అంతకంటే నచ్చింది డ్యూటీ రూలెట్. ఏళ్ళు గడిచిన ఎంఎంఓలన్నిటికీ ఒకటే జబ్బు: పాతవాళ్ళంతా పైమెట్ల మీదుంటారు, కొత్తగా వచ్చినవాడికి కింద తోడు దొరకదు. రూలెట్‌లో చేరిన పాతవాళ్ళని ఆట ఏదో ఒక గుహలోకి, అది పదేళ్ళ కిందటిదైనా సరే, బలం తగ్గించి పంపుతుంది. వెళ్ళినందుకు బహుమతి ఇస్తుంది. గుంపులో మొదటిసారి వచ్చినవాడుంటే అందరికీ అదనం. కొత్తవాళ్ళ పేరు పక్కన చిన్న మొలక గుర్తు ఉంటుంది. దాన్ని చూసి విసుక్కోవాల్సిన పాతవాళ్ళు ఎదురెళ్ళి దారి చూపిస్తారు. మంచితనానికి జీతం కట్టడం అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఇన్ని కట్టుబాట్ల వల్ల ఒరిగేదేమిటో నార్వేలో ఒక కుటుంబానికి ఆలస్యంగా తెలిసింది. మాట్స్ స్టీన్‌కి డుషెన్ అనే కండరాల క్షీణత వ్యాధి. ఏళ్ళ తరబడి చక్రాల కుర్చీలోనే ఉండి, 2014 నవంబరులో పాతికేళ్ళకే పోయాడు. స్నేహితులూ ప్రేమా తెలియకుండానే కొడుకు వెళ్ళిపోయాడని తల్లిదండ్రులు కుమిలిపోయారు. మరణవార్తని ఇంటర్నెట్‌లో పెట్టాక ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలు రావడం మొదలైంది. వార్‌క్రాఫ్ట్‌లో స్టార్‌లైట్ అనే గిల్డ్‌లో అతని పేరు ఇబెలిన్. అక్కడ ఒకరి సంసారపు చిక్కుల్లో, ఇంకొకరి దిగుల్లో ఏళ్ళ తరబడి తోడుగా నిలిచినవాడు. అంత్యక్రియలకి గిల్డ్‌వాళ్ళు కొందరు దేశాలు దాటి వచ్చారు. ఆటలో వాళ్ళు మాట్లాడుకున్న మాటలు వేల పేజీలుగా దాచి ఉంచడం వల్ల, దర్శకుడు బెంజమిన్ రీ ఆ జీవితాన్ని ఆట బొమ్మలతోనే తిరిగి అల్లి 2024లో డాక్యుమెంటరీగా తెచ్చాడు.

అన్నీ ఇంత మెత్తగా ఉండవు. ఐస్‌లాండ్ వాళ్ళ అంతరిక్ష ఆట ఈవ్ ఆన్‌లైన్‌లో 2014 జనవరిలో ఒక కూటమి తన నక్షత్ర మండలానికి కట్టాల్సిన రుసుము చెల్లింపు తప్పింది. శత్రువులు వెంటనే వచ్చి పడ్డారు. దాదాపు 7,500 మంది పాల్గొన్న ఆ యుద్ధం 21 గంటలు సాగింది. సర్వర్ కుప్పకూలకుండా కాలాన్నే పదో వంతుకి నెమ్మదింపజేశారు. అన్నిటికన్నా పెద్దవైన టైటాన్ ఓడలు 75 కూలాయి. డబ్బుల్లో చూస్తే నష్టం 3 లక్షల డాలర్ల పైమాటే.

వీటిలో పడి చదువులు పాడుచేసుకున్నవాళ్ళున్నారు. ఆటలోని బంగారాన్ని యంత్రాల చేత తవ్వించి అమ్ముకునే ముఠాలున్నాయి. వెనిజులాలో కరెన్సీ కుప్పకూలినప్పుడు రూన్‌స్కేప్‌లో పచ్చ డ్రాగన్లని చంపి, అలా వచ్చిన బంగారం డాలర్లకి అమ్మి ఇల్లు గడుపుకున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకది ఆట కాదు, కూలి.

జనాదరణ సంగతికొస్తే, వార్‌క్రాఫ్ట్ చందాదారుల లెక్క చెప్పడం 2015లోనే మానేశారు. అప్పటికి 55 లక్షలు. 2021లో అమెజాన్ తెచ్చిన న్యూ వరల్డ్‌ని మొదటి వారాల్లో స్టీమ్ అనే ఆటల దుకాణంలో ఒకేసారి 9 లక్షల పైచిలుకు ఆడారు. బంగారం నకళ్ళు పుట్టించే లోపాలు బయటపడి మధ్యలో వ్యాపారమే ఆపాల్సి వచ్చింది. ఆర్నెల్లు తిరక్కముందే జనం పదో వంతుకి దిగారు. 2025 అక్టోబరుకల్లా కొత్త కథలు చెయ్యడం ఆపేస్తున్నామని అమెజాన్ ప్రకటించింది. అదే 2025లో, 2007 నాటి కాపీ నుంచి తిరిగి లేచిన ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌ని ఒకేసారి ఆడేవాళ్ళు 2 లక్షలు దాటారు. దాన్ని బతికించింది 2013లో దాదాపు నాలుగున్నర లక్షల మంది వేసిన ఓట్లు. ఆటలో పెద్ద మార్పులు తేవాలంటే ఇప్పటికీ మామూలుగా ఓటింగు పెడతారు. చైనాలో, కోతిరాజు పశ్చిమయాత్ర కథ మీద అల్లిన నెట్‌ఈజ్ వారి ఫాంటసీ వెస్ట్‌వర్డ్ జర్నీ రెండు దశాబ్దాలు దాటాక కూడా 2025లో సొంత రికార్డులు తిరగరాసింది. ఇంగ్లీషు ఆటల్నే చూసి ఈ సంప్రదాయం ముసలిదైపోయిందని రాసేవాళ్ళకి ఈ సంగతి కనబడదు.

మన ఊళ్ళలో ఆన్‌లైన్ ఆట అంటే పబ్‌జీ, బీజీఎమ్ఐ, ఫ్రీ ఫైర్. కంప్యూటర్ కన్నా ముందు ఫోన్ వచ్చింది, నెలకింత చందా కట్టి ఆట ఆడటం మనకి అలవాటు కాలేదు, అరగంటలో తేలిపోయేదే బస్సులోనూ హాస్టల్లోనూ కుదిరేది. ఆ ఫోన్ ఆటల్లోని లెవెళ్ళు, క్లాన్‌లు, రోజువారీ మిషన్లు, పడ్డవాణ్ణి లేపే సరదా, ఇవన్నీ ఎంఎంఓల్లో ఎప్పటినుంచో ఉన్నవే. ఆడాలనుకునేవాళ్ళకి ఇప్పుడు దారి సులువైంది. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ 2018 నుంచీ ఫోన్‌లో ఉంది, కొంత భాగం ఉచితం. ఆల్బియన్ ఆన్‌లైన్ కూడా ఫోన్‌లో ఆడొచ్చు, 2023లో సింగపూర్‌లో సర్వర్ పెట్టారు కాబట్టి ఇక్కణ్ణుంచి పింగ్ ఫరవాలేదు. గిల్డ్‌లో చేరేటప్పుడు ఏ పాత్ర తీసుకోవాలని అడిగేవాళ్ళకి నా సలహా హీలర్. ఎక్కడికెళ్ళినా వాళ్ళకే కరువు, అనుభవం లేకపోయినా కుర్చీ వేసి కూర్చోబెడతారు.