ఇందిర మీద నేరారోపణ

డాక్టర్ పి. శ్రీదేవి "కాలాతీత వ్యక్తులు" చదివినవాళ్లలో ఎక్కువమంది కల్యాణిని గౌరవిస్తారు, ఇందిరను జ్ఞాపకం వుంచుకుంటారు. గౌరవానికి కారణాలు చెప్పగలరు. జ్ఞాపకానికి కారణం అడిగితే తడబడతారు. చివరకు ఇందిర స్వార్థపరురాలనో, మగవాళ్లను ఆడించిందనో, ఒకడు కాకపోతే మరొకడనుకున్నదనో ఏదో ఒక నేరం మోపి వూరుకుంటారు. ఈ నేరారోపణలో పస యెంత వున్నదో చూడటమే ఈ వ్యాసంలో నేను తలపెట్టిన పని. ఇది పాత నవలను గురించిన తగాదా మాత్రమే అయితే ఇంత శ్రమపడనక్కర లేదు. ఒంటరిగా వుంటూ, తన తిండి తాను సంపాదించుకుంటూ, తనకు కావలసిన తోడును తానే వెతుక్కునే ఆడదాని మీద ఈనాడు మోపుతున్న నేరం కూడా అక్షరాలా ఇదే.

ఆ వెతుకులాటకు ఇప్పుడు డేటింగ్ అని పేరు. తెలుగులో దానికి మాట లేదు. పెళ్లిచూపులకు మాట వున్నది, యెందుకంటే దానికొక పద్ధతి వున్నది: యెవరు వస్తారో, యెక్కడ కూర్చుంటారో, పిల్లను యేమడుగుతారో, జవాబు యెన్నాళ్లకు చెబుతారో అన్నీ ముందే తెలుసు. నిర్ణయం పెద్దలది, కాదంటే అవమానం మాత్రం పిల్లది. దీనికి వెలుపల ఆడా మగా కలుసుకుంటే మన దగ్గర వున్న మాట "తిరగటం" ఒక్కటే. "వాడు తిరుగుతున్నాడు" అంటే అది వాడి కాళ్లకు సంబంధించిన సంగతి. "ఆమె తిరుగుతున్నది" అంటే శీలానికి సంబంధించిన సంగతి. ఒకే క్రియకు ఇద్దరి విషయంలో రెండు అర్థాలు కల్పించిన సమాజంలో ఈ వస్తువును తీసుకుని నవల రాయటం తేలిక పని కాదు. అందుకే మన సాహిత్యం చాలాకాలం దాన్ని చుట్టుదారిన తీసుకుపోయింది.

"కన్యాశుల్కం" చూడండి. 1892లో మొదట ప్రదర్శించి, 1897లో అచ్చువేసి, 1909లో పెంచి తిరగరాసిన ఆ నాటకంలో మగవాడితో సరిసమానంగా మాట్లాడి, వాణ్ణి తూచి, నచ్చకపోతే పొమ్మనగలిగిన స్త్రీ మధురవాణి ఒక్కతే. ఆ స్వాతంత్ర్యం ఆమెకు వృత్తి ఇచ్చింది. సంసారి ఇంటి పిల్ల బుచ్చమ్మకు పరపురుషుడి మాటలు చెవిన పడాలంటే తమ్ముడికి చదువు చెప్పే నెపంతో గిరీశం ఆ ఇంట్లో దిగవలసి వచ్చింది. తన ఇష్టమున్న మగవాడితో మాట్లాడే హక్కు గల స్త్రీకి మర్యాద లేదు. మర్యాద గల స్త్రీకి ఆ హక్కు లేదు. గురజాడ ఈ చిక్కును విప్పలేదు. విప్పటానికి కావలసిన స్త్రీ అప్పటి సమాజంలో ఇంకా తయారు కాలేదు.

చలం "మైదానం" (1927) మరొక దారి పట్టింది. రాజేశ్వరి కోరికను దాచుకోదు, క్షమాపణ చెప్పదు. తెలుగు వచనంలో ఆ ధైర్యానికి సాటి యేదీ అంతకుముందు లేదు. ఐతే చలం ఆమెను తీసుకుపోయింది వూరి వెలుపలికి. మైదానానికి అద్దె లేదు. అక్కడ పక్కింటివాళ్లు లేరు, జీతం రాళ్లు లెక్కపెట్టుకోవటం లేదు, రాత్రి యెన్ని గంటలకు వచ్చావని అడిగేవాడు లేడు. ప్రేమకు ఆటంకం మనుషుల మనసుల్లో వున్నదే తప్ప వాళ్ల ఇళ్లలో, జేబుల్లో వున్నదని చలానికి అంతగా తోచలేదు. మైదానంలోకి పారిపోలేని ఆడవాళ్ల సంగతి యేమిటన్న ప్రశ్న మిగిలిపోయింది.

ఆ ప్రశ్నను శ్రీదేవి తీసుకున్నది. "కాలాతీత వ్యక్తులు" 1957-58లో "తెలుగు స్వతంత్ర"లో ధారావాహికంగా వచ్చింది. ఆ కాలం గమనించదగినది. ప్రత్యేక వివాహ చట్టం 1954లో వచ్చింది, హిందూ వివాహ చట్టం 1955లో, వారసత్వ చట్టం 1956లో. ఆడపిల్లలు కాలేజీలకు వస్తున్నారు, కొందరు ఆఫీసుల్లో చేరుతున్నారు. చట్టం ఒప్పుకున్న స్వేచ్ఛను వాడుకోవాలంటే యేమి కావాలో తెలుసుకోవలసిన మొదటి తరం వాళ్లది.

ఈ నవలలోని ఇల్లు నాకు చాలా ముఖ్యంగా కనబడుతుంది. విశాఖపట్నంలో ఒక అద్దె ఇల్లు. ఇందిర ఉద్యోగం చేస్తుంది. తండ్రి ఆమె సంపాదన మీద బతుకుతున్నాడు. మేడమీద గదిలో ప్రకాశం అనే వైద్య విద్యార్థి. తరవాత అదే ఇంట్లో ఒక భాగంలో కల్యాణి అనే పేద విద్యార్థిని అద్దెకు చేరుతుంది. ప్రకాశం స్నేహితుడు కృష్ణమూర్తి వస్తూ పోతూ వుంటాడు. ఈ మనుషుల్ని ఒకచోట చేర్చింది పెళ్లిళ్ల పేరయ్య కాదు, కులం కాదు, మేనరికం కాదు, అద్దె. పట్నంలో మధ్యతరగతి గదులు చాలక మనుషులు ఒకరి మీద ఒకరు పడి బతకటం వల్ల యేర్పడిన పరిచయం అది. మన నవలల్లో ఆడా మగా పరిచయానికి ఇంత కచ్చితమైన భౌతిక కారణం చూపించినవి బహు తక్కువ. శిల్పం గురించి మాట్లాడే విమర్శకులు ఈ సంగతిని శిల్పంగా లెక్కించరు. నా దృష్టిలో నవలకు పునాదే ఇది.

ఈ ఇంట్లో ఇందిర చేసిన నేరం, తానే ముందు మాట కలపటం. ప్రకాశాన్ని ఆమె చూసింది, ఇష్టపడింది, ఆ ఇష్టాన్ని కనబరిచింది. ప్రకాశానికి కూడా ఆమె సహవాసం కావాలి. కాని కావాలని ఒప్పుకునే ధైర్యం లేదు. మేనమామ చాటున పెరిగినవాడు. ఇందిర నవ్వితే సంతోషిస్తాడు, కల్యాణి కష్టాలు చూస్తే కరిగిపోతాడు, మేనమామ వచ్చి నిలబడితే ఇద్దరినీ మరిచిపోతాడు. ఇటువంటి మగవాడు చెడ్డవాడు కాదు. అతని చేతిలో పడిన ఆడదానికి జరిగే నష్టం మాత్రం చెడ్డవాడి వల్ల జరిగే నష్టానికి తీసిపోదు. తిట్టటానికి వీలుండదు, నమ్మటానికి వీలుండదు. శ్రీదేవి స్వయంగా వైద్యురాలు. ప్రకాశాన్ని ఆమె తిట్టదు, వెక్కిరించదు, జబ్బు లక్షణాలన్నీ వరసగా చూపించి పక్కకు తప్పుకుంటుంది.

ఇందిర ఒకడితో ఆగక మరొకడితో స్నేహం చేసిందంటారు. కృష్ణమూర్తితో ఆమె కలిసి తిరిగిన మాట నిజమే. ఇందులో అన్యాయం యెవరికి జరిగింది? ప్రకాశం మాట ఇవ్వడు. మాట ఇవ్వనివాడి కోసం మేడమెట్ల కింద కూర్చుని యేళ్లు గడిపితే దాన్ని మనం పాతివ్రత్యం అనేవాళ్లం. ఆమె అలా కూర్చోలేదు, యెందుకంటే ఆమెకు పొద్దున లేచి ఆఫీసుకు వెళ్లాలి, తండ్రికి అన్నం పెట్టాలి, ఆ చాకిరీ మధ్య మిగిలిన సాయంత్రమే తనది. ఆ సాయంత్రాన్ని నవ్వుతూ గడపాలనుకోవటం స్వార్థమే అయితే, ఆమె జీతం మీద బతికే తండ్రిది యేమిటి? తరగతిలో ఈ ప్రశ్న వేస్తే పిల్లలు కాసేపు మాట్లాడరు. తరవాత యెవరో ఒకరు, సాధారణంగా వెనక బెంచీ నుంచి, "అయినా కల్యాణే మంచిదండీ" అంటారు.

కల్యాణి మంచిదే. ఐతే కల్యాణి మంచితనానికి రచయిత్రి ఒక సౌకర్యం కల్పించింది. కల్యాణి వెతకదు. కష్టాలను హుందాగా భరిస్తుంది. కాలం కలిసివచ్చి చక్రవర్తి లాంటి సంస్కారవంతుడు ఆమె దగ్గరకు నడిచివస్తాడు. కథలో వచ్చినట్టు జీవితంలో అటువంటివాళ్లు నడిచిరారు. వెతుక్కోవలసిన అవసరం లేనివాళ్లకు సచ్ఛీలం దక్కటం, వెతుక్కున్నవాళ్లకు అపకీర్తి దక్కటం ఆస్తి వున్నవాడు నిజాయితీని గురించి ఉపన్యసించినట్టు వుంటుంది. ఇక్కడ శ్రీదేవి తన కాలపు పాఠకులకు కొంత లొంగిందని నా అభిప్రాయం.

కాని ఇందిర విషయంలో ఆమె లొంగలేదు, అదే ఈ నవల గొప్పతనం. అంతకుముందు మన కథల్లో మగవాళ్లతో చనువుగా మెలిగిన ఆడదానికి నుయ్యో, రైలుపట్టాలో, క్షయరోగమో సిద్ధంగా వుండేవి. ఇందిర చావదు, ఆమెకు రోగం రాదు, మారుమనసు పొంది యే ఆశ్రమంలోనూ చేరదు. 1963లో ఈ నవల ఆధారంగా ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో సినిమా తీశారు. నవల పేరులోని "వ్యక్తులు" తెర మీద "చదువుకున్న అమ్మాయిలు" అయినారు. వ్యక్తికీ అమ్మాయికీ మధ్య వున్న దూరం యెంతో ఆ పేరు మార్పే చెబుతుంది. శ్రీదేవి అప్పటికి లేదు, 1961లోనే చనిపోయింది.

ఇక మన సంగతి. అభ్యుదయ రచయితల సంఘం 1943లో తెనాలిలో మొదలైనప్పటి నుంచి మనం కూలి స్త్రీని గురించి రాశాం, వితంతువును గురించి, వరకట్నాన్ని గురించి, తల్లిని గురించి రాశాం. మధ్యతరగతి పెళ్లి వెనక వున్న బేరాన్ని కుటుంబరావు పద్దుపుస్తకం చూసినంత నిక్కచ్చిగా చూపించాడు. కాని పెళ్లి మాట అటుంచి, ఒక మగవాడి సహవాసం కోరి బయలుదేరిన స్త్రీ కనబడితే, అదేదో తిన్నది అరగని వర్గానికి పట్టే జబ్బు అన్నట్టు మొహం తిప్పుకున్నాం. ఆకలి వర్గసమస్య అయినప్పుడు ఒంటరితనం వర్గసమస్య యెందుకు కాదు? వూరు వదిలి, అయినవాళ్లను వదిలి, పనికోసం నగరానికి వచ్చిన మనిషికి ఒంటరితనం జీతంతో పాటే వస్తుంది.

అమీర్‌పేటలో, మాదాపురంలో వున్న ఆడపిల్లల హాస్టళ్లను చూసినవాళ్లకు ఈ మాట వివరించనక్కర లేదు. ఒక గదిలో ముగ్గురు నలుగురు, గేటుకు ఒక వేళ, ఆ వేళ దాటితే వార్డెను ప్రశ్నలు. ఎవరినైనా కలుసుకోవాలంటే కాఫీ హోటలే గతి. కాఫీ ఖరీదు యెవరిస్తారన్న దగ్గర మొదటి చిక్కు: అతను ఇస్తే రుణం, ఆమె ఇస్తే అతని మొహం ముడుచుకుంటుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఒంటరి ప్రయాణం రెండో చిక్కు. విడిగా ఇల్లు తీసుకోబోతే మూడోది. పెళ్లి కాకుండా ఇల్లు అద్దెకడిగిన నాకు ఇంటివాళ్లు వేసిన మొదటి ప్రశ్న కులం, రెండోది "మీవాళ్లెవరైనా వచ్చి వుంటారా?" ఇందిర విశాఖపట్నం ఇంటికీ దీనికీ మధ్య ఇన్నేళ్లు గడిచినట్టు నాకైతే తోచలేదు.

మధ్యలో యంత్రం వచ్చిన మాట నిజమే. 2012లో టిండర్ వచ్చింది, 2014లో స్త్రీయే ముందు మాట్లాడాలన్న నియమంతో బంబుల్ వచ్చింది. 2024లో ఆ నియమాన్ని అదే సంస్థ సడలించింది. ఇందిర ఏ నియమం అండా లేకుండా ముందు మాట్లాడింది. ఈ యంత్రాలు కులం గడిని పైకి చూపించవు, కాని మన దేశంలో ఇంటిపేరే చాలు. పెళ్లి సంబంధాల వెబ్‌సైట్లకు ఆ మొహమాటం కూడా లేదు. వయసు వచ్చిన ఇద్దరు ఇష్టపడి కలిసి వుండటం నేరం కాదని నటి ఖుష్బూ కేసులో సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకోదలచినవాళ్ల నోటీసు మాత్రం ముప్ఫై రోజులపాటు కార్యాలయంలో అందరూ చూసేటట్టు వుంటుంది. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, కూతురు వేరే కులంవాణ్ణి, దళితుణ్ణి చేసుకున్నదని తండ్రి అల్లుణ్ణి చంపించాడు. కోర్టు తీర్పు రావటానికి 2025 మార్చి దాకా పట్టింది. ఈ నేపథ్యాన్ని పక్కన పెట్టి, స్నేహం చెడిపోవటానికి ఆడపిల్ల తొందరపాటో, మగపిల్లవాడి మోసమో కారణమని రాస్తే అది సగం నిజం కూడా కాదు.

ఐనా ఆదివారం అనుబంధాల్లో ఇప్పుడు వస్తున్న కథలు చాలావరకు అదే రాస్తున్నాయి. ఫోనులో పరిచయం, తీయటి మాటలు, మోసం, తల్లి ఒడిలో కన్నీళ్లు. నుయ్యి పోయి తల్లి ఒడి వచ్చింది, అంతే తేడా. ఈ కథల్లో లేనిది మామూలు సాయంత్రం. వచ్చినవాడు రెండు గంటలపాటు తన జీతం గురించే మాట్లాడితే కలిగే విసుగు, వస్తానన్నవాడు రాకపోతే కుర్చీలో కూర్చుని పడే సిగ్గు, ఎప్పుడో ఒకసారి ఒకడు నిజంగా వింటున్నాడని తెలిసినప్పటి తేలిక, మూడు నెలల తరవాత యే తగాదా లేకుండానే అది సన్నగిల్లిపోవటం, మళ్లీ మొదటి నుంచి తన వూరూ పేరూ ఇంకొకడికి చెప్పుకోవటం. ఇందులో ఘోరం యేమీ లేదు కనక కథ లేదనుకుంటున్నారు మన రచయితలు.

సినిమావాళ్లు మరొక వైపు పోయారు. "అర్జున్ రెడ్డి" (2017) కథానాయకుడు కూడా ప్రకాశం లాగే వైద్య విద్యార్థి. పిరికివాడు కాడు; ఆ పిల్ల ఇష్టం యేమిటో అడగకముందే ఆమె తనదని తరగతిలో ప్రకటించగలవాడు. ప్రకాశం ఇందిరను తీసుకోవటానికి మేనమామ అనుమతి కోరేవాడు, ఇతను ఎవరి అనుమతీ కోరడు, ఆమెది కూడా. దీన్ని ప్రేమ తీవ్రత అని మెచ్చుకున్నవాళ్లే ఇందిర ముందు మాట కలిపిందని ముఖం చిట్లిస్తారు.

నవల ముగింపులో ఇందిర కృష్ణమూర్తిని పెళ్లి చేసుకుంటుంది. ఇది ఆమె ఓటమి అని కొందరు, రాజీ అని కొందరు వాదించటం నేను విన్నాను. కృష్ణమూర్తి యెటువంటివాడో ఆమెకు తెలుసు, తాను యెటువంటిదో అతనికి తెలుసు. ఒకరి ముందు ఒకరు నటించనక్కర లేని స్థితిలో కుదిరిన పెళ్లి అది. ఆ నవలలోని మిగతా సంబంధాల్లో యెన్నిటి గురించి ఇంత మాట చెప్పగలం? ఆ పెళ్లి తరవాత ఆ ఇల్లు యెలా నడిచిందో శ్రీదేవి రాయలేదు. ఇష్టపడి చేసుకున్న పెళ్లి లోపల స్త్రీకి స్వేచ్ఛ యేమవుతుందన్న ప్రశ్న మన నవలలో నిలదీసి అడగటానికి ఓల్గా "స్వేచ్ఛ" (1987) దాకా ఆగవలసి వచ్చింది. దాన్ని గురించి వేరే రాయాలి.