మధురవాణి లెక్క తప్పిందా?

‘కన్యాశుల్కం’లో మధురవాణిని మెచ్చుకోని విమర్శకులు అరుదు. అయితే ఆ మెచ్చుకోలులో ఒక మెలిక ఉంది. అంతదాకా లాభనష్టాలు బేరీజు వేసుకుంటూ బతికిన వేశ్య, సౌజన్యారావు పంతులు మంచితనానికి కరిగిపోయి చివర్లో లెక్క మర్చిపోయిందంటారు. అంటే తెలివి ఉన్నంతకాలం వేశ్య, తెలివి వదిలేశాక మంచిమనిషి! ఈ చదువు నాకు మింగుడుపడదు.

జరిగిందేమిటి? లుబ్ధావధాన్లు హత్యానేరం నుంచి బయటపడాలంటే మాయమైన పెళ్లికూతురు నిజానికి మగపిల్లాడని తేలాలి. ఆ రహస్యం మధురవాణి దగ్గరుంది. వేశ్యల పొడ గిట్టని పంతులుని ఆమె ప్రతిఫలం అడుగుతుంది. బేరం చివరికి ఒక ముద్దు దగ్గర తెగుతుంది. తీరా ఆయన సిద్ధపడ్డాక ఆమే ఆపేస్తుంది. పాడవని మనిషిని పాడుచెయ్యకూడదన్నది తల్లి నేర్పిన నియమమట.

నిర్ణయ సిద్ధాంతాన్ని బండగా అన్వయిస్తే ఇది తెలివితక్కువ పని. చేతికొచ్చిన ప్రతిఫలాన్ని ఎవరు వదులుకుంటారు? కానీ 1977లో అమర్త్యసేన్ ఈ అవగాహననే ప్రశ్నించాడు. ఎప్పుడూ సొంత లాభాన్నే చూసుకునేవాణ్ణి హేతుబద్ధమైన మూర్ఖుడన్నాడు. లాభం లేకపోయినా ఒక విలువకి కట్టుబడటం కూడా తర్కమే. మధురవాణి కట్టుబడిన విలువ పంతులు ఇచ్చింది కాదు, తల్లి ఇచ్చింది. దాన్ని సంస్కర్త ఖాతాలో వెయ్యడం అన్యాయం.

మరి బుచ్చమ్మ? గిరీశాన్ని నమ్మి లేచిపోవడం అమాయకత్వమని తేల్చేస్తాం. ఆమె ముందున్న దారులేమిటో చూడం. ఇంట్లో ఉంటే జీవితాంతం వైధవ్యం. వెళితే ఒక మోసగాడితో బతుకు, అదీ మోసగాడని ఆమెకి తెలియదు. పైగా తను వెళితే చెల్లెలు సుబ్బి పెళ్లి తప్పుతుందన్న ఆశ. తనకి తెలిసినంతలో ఆమె లెక్క సరైనదే. తప్పుడు సమాచారమిచ్చింది గిరీశం.

ఆ చెల్లెలి పెళ్లి చిన్న విషయం కాదు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో 1034 శుల్క వివాహాలు లెక్కకొచ్చాయని 1897 నాటి తొలి ముద్రణ పీఠికలో గురజాడ రాశారు. ఆ పెళ్లికూతుళ్లలో ముగ్గురికి ఏడాది వయసు! కూతుళ్లని అమ్మిన తండ్రుల లెక్కల్ని లోకం వ్యవహారజ్ఞానమంది. బుచ్చమ్మ లెక్కని మాత్రం తొందరపాటంది.

నిర్ణయ సిద్ధాంతం ఎంచుకోవలసినవాటి జాబితా చేతికిచ్చాక మొదలవుతుంది. ఆ జాబితా ఎవరు తయారుచేశారని అడగడం స్త్రీవాద విమర్శ పని. 1909లో తిరగరాసిన నాటకంలో మధురవాణి ఆ జాబితాని తనే మార్చుకుంది. బుచ్చమ్మకి ఆ అవకాశం రాలేదు. పూనా వితంతు శరణాలయానికి పంపాలన్న నిర్ణయం పంతులుది. అక్కడ ఆమె గొంతు మనకి వినపడదు. గిరీశం కథ అడ్డం తిరిగిందని నవ్వుకుంటూ పుస్తకం మూసేసే మనం, ఆమెని ఎవరైనా అడిగారా అని ఆలోచించం.