భూమి లేనప్పుడు యాడ నిలబడ్డడు? – జాంబపురాణంలో నవ్వు

జానపద గేయాల మీద వచ్చిన చాలా పరిశోధనల్లో హాస్యానికి దక్కేది చివరి అధ్యాయమే. కరుణకు, వీరానికి, శృంగారానికి పోను మిగిలిన జాగాలో ‘వినోదం’ అని ఒక శీర్షిక పెడతారు. పొంతనలేని మాటలు, తలకిందుల ఊహలు, లెక్కకందని లెక్కలు అన్నీ అక్కడ ఒకే కుప్పగా పోస్తారు. కష్టజీవులు అలసట మరవడానికి పాడుకున్నారని తేల్చేస్తారు. ఈ తీర్పుతోనే నాకు పేచీ. మనోళ్ళు అలసట మరవడానికే నవ్వారా, ఇంకేదైనా తేల్చుకోవడానికి నవ్వారా?

జాంబపురాణాన్నే తీసుకుందాం. మాదిగలకు ఆశ్రితులైన చిందువాళ్ళు దీన్ని ఆడతారు, డక్కలివాళ్ళు చెబుతారు. ఊరూరా మాదిగవాడలో మిరాశీ హక్కుతో సాగిన కళ ఇది. ఈ పురాణానికి మూలమైన మాట ఒక్కటే: ఆదిజాంబవుడు భూమికంటే ఆర్నెల్లు ముందు పుట్టాడు. ఈ ఒక్క మాటతోనే లోకం లెక్క తప్పుతుంది. సూర్యుడు, నేల ఏవీ లేనప్పుడు ‘ఆర్నెల్లు’ ఎవరు లెక్కపెట్టారు? వెయ్యేండ్లనో యుగమనో అంటే అది మామూలు పురాణమయ్యేది. ఆర్నెల్లనడంలోనే ఉంది చమత్కారమంతా. అది కూలికి, పంటకు, అప్పు వాయిదాకు వాడే లెక్క. సృష్టికి ముందున్న కాలాన్ని కూలోడి లెక్కతో కొలవడం కన్నా పెద్ద అసంబద్ధత ఏముంటుంది?

చిన్నప్పుడు మా వాడలో ఈ ఆట చూశాను. బ్రాహ్మణ వేషానికీ జాంబవుడికీ వాదం నడుస్తోంది. నాకొక అనుమానమొచ్చి పక్కనున్న మా అమ్మమ్మను అడిగాను: “భూమే లేకపాయె, మరి ఆయన యాడ నిలబడ్డడు?” ఆమె నవ్వి, “ఇప్పుడు భూమి ఉన్నది గద కొడుకా, మనం యాడ నిలబడ్డం?” అన్నది. ఆమెకు సెంటు భూమి లేదు. ఇరవై ఏండ్ల తర్వాత యూనివర్సిటీకొచ్చి ఎన్ని సిద్ధాంతాలు చదివినా, ఈ పురాణం మీద అంతకన్నా మంచి వ్యాఖ్యానం నాకు దొరకలేదు. భూమి ఉన్న లోకంలో భూమి లేకుండా బతికినోడికి, భూమికి ముందే పుట్టినోడి కథ వింతగా ఎట్లా అనిపిస్తుంది? బయటివాళ్ళకు అతివాస్తవం, మనకు వాస్తవం.

ఈ నవ్వు పాటలో ఎట్లా పుడుతుందో కూడా చూడాలి. యక్షగానంలో పద్యం, దరువు, వచనం ఉంటాయి. చిందు కళాకారుడు గొప్ప మాటను పద్యంలో, గ్రాంథికంలో, రాగం పొడుగ్గా తీసి పాడతాడు. మద్దెల, తాళం, హార్మోనియం దాన్ని పైకెత్తుతాయి. ఆ వెంటనే వచనంలోకి దిగి, అదే మాటను వాడకట్టు భాషలో నేలమీద పడేస్తాడు. పైకెత్తిందీ అతనే, పడేసిందీ అతనే. ఆ రెంటి మధ్య దూరంలో నవ్వు పుడుతుంది. పాఠాన్ని మాత్రమే అచ్చేస్తే ఆ దూరం పోతుంది. నవ్వు పోయి, ‘మూఢ విశ్వాసం’ మిగులుతుంది.

ఇక ఆ వాదం ఎవరితోనో గుర్తు పెట్టుకోవాలి. ఋగ్వేదం పదో మండలంలోని పురుషసూక్తం నాలుగు వర్ణాలనూ ఒక శరీరానికి ముడిపెడుతుంది. ముఖం బ్రాహ్మణుడు, చేతులు రాజన్యుడు, తొడలు వైశ్యుడు, పాదాల నుంచి శూద్రుడు. మనుషులు ఒకరి తొడల్లోంచి, పాదాల్లోంచి వచ్చారనడం అసంబద్ధం కాదా? కానీ దాన్ని ఎవరూ నవ్వుతూ చదవరు. ఆ శరీరంలో పంచముడికి పాదం దగ్గర కూడా చోటు లేదు. శరీరంలో చోటు దొరకనోడు కాలంలో వెనక్కి నడిచి, ఆ శరీరం నిలబడాల్సిన నేలకన్నా ముందు పుట్టాడు. ఒక అసంబద్ధత పక్కన అంతకన్నా పెద్దది పెట్టి, ‘ఇప్పుడు చెప్పు, ఎవరు పెద్ద?’ అని అడగడమే ఇది. జాంబవుడు బ్రాహ్మణుడి తర్కాన్ని ఖండించడు, దాన్ని చివరిదాకా నడిపించి నవ్వులపాలు చేస్తాడు.

1924లో ఆంద్రే బ్రెతోన్ మేనిఫెస్టో రాస్తే అది అధివాస్తవికతా ఉద్యమం. తెలుగులో శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబు ఆ దారిలో ప్రయోగాలు చేస్తే అది ఆధునికత. తర్కాన్ని తెంపే పని డక్కలి చేస్తే మాత్రం పుక్కిటి పురాణం! ఒక సెమినార్లో ఈ మాటంటే, “వాళ్ళది తెలిసి చేసింది, వీళ్ళది తెలియక చేసింది” అని జవాబొచ్చింది. వాడకట్టు ముందు ఆ వాదాన్ని రక్తి కట్టించే చిందు కళాకారుడికి తను చేస్తున్నది తెలియదని ఎట్లా అంటారు?

తాత్విక వ్యాఖ్యాతలది ఇంకో దారి. కబీరు తలకిందుల పాటల్లో, ఉలటబాంసీల్లో, చేప చెట్టు మీదికి చేరితే అది జీవుడనీ బ్రహ్మమనీ అర్థం విప్పుతారు. నేతగాడి కబీరును కూడా అట్లానే వేదాంతం చేశారు. అర్థం విప్పగానే నవ్వు ఆగిపోతుంది. జాంబపురాణాన్ని అట్లా విప్పొద్దు. అక్కడ జాంబవుడు ఆత్మకు గుర్తు కాదు. బ్రాహ్మణుడి ఎదుట నిలబడ్డ మాదిగ.

అయితే ఈ నవ్వును నెత్తిన పెట్టుకోవడం కూడా సరికాదు. ఇదే పురాణంలో కామధేనువు కథ ఉంది. ఒక పాఠంలో వండే మాంసం ముక్క కిందపడితే చెన్నయ్య దాన్ని ఊది మళ్ళీ కుండలో వేస్తాడు. ఎంగిలైందని దేవతలు శపిస్తారు. మాల మాదిగలకు వచ్చిన నీచత్వానికి అది కారణమట. ఇక్కడ పురాణం శాపాన్ని మింగేసింది. బ్రాహ్మణుణ్ణి నవ్వులపాలు చేసిన నోరే, తన అంటరానితనానికి తన తప్పే కారణమని ఒప్పుకుంది. ఈ వైరుధ్యాన్ని దాచిపెట్టి ధిక్కారమని మాత్రమే రాస్తే మనం చేసేది విమర్శ కాదు, భజన.

1994లో దండోరా ఉద్యమం మొదలైంది. వర్గీకరణ చేసే అధికారం రాష్ట్రాలకు ఉందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. వాటాల న్యాయం జనాభాతో, లెక్కలతో తేలాల్సిన సంగతి. దానికి చెన్నయ్య కుండను సాక్ష్యం పిలవనక్కర్లేదు. అట్లాగే ‘ఆర్నెల్లు ముందు’ అన్న మాటను కొందరు నిజమైన చరిత్రగా, గంభీరంగా చెప్పడం మొదలుపెట్టారు. ఆత్మగౌరవం కోసమే చెబుతున్నారు, నాకు తెలుసు. కానీ పుట్టుకతో పెద్దరికం తేలుతుందన్న బ్రాహ్మణుడి నమ్మకాన్ని ఎగతాళి చేసిన మాటను, మనమే ముఖం బిగించుకుని నమ్మితే గెలిచిందెవరు?

2024లో చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. బిరుదుతో పాటు ఆ పాటలోని తర్కాన్ని కూడా గౌరవించాలి. ఇకమీద పాఠాలు సేకరించే మన పరిశోధకులు ఒక పని చెయ్యాలె. పాటతో పాటు జనం ఎక్కడ నవ్వారో, ఎవరు నవ్వారో, ఎవరు నవ్వలేదో రాసుకోవాలె. మా అమ్మమ్మ మాట ఏ పాఠంలోనూ లేదు. కానీ ఆ మాట లేకుండా ఆ పురాణం నాకు సగమే.