ఆరు గంటల మందు, దాని వెనక చేతులు

కంగ్టి నుంచి గుండెనొప్పితో నారాయణఖేడ్, సంగారెడ్డి దాటి హైదరాబాద్ చేరిన మనిషికి డాక్టరు గుర్తుంటారు. పొద్దున్నే స్కాన్‌కు మందు తయారుచేసిన న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టు గుర్తుండరు. పంజాగుట్ట నిమ్స్‌లోనూ న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉంది.

ఈ టెక్నాలజిస్టుల ముడిసరుకు టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థం. ఆరు గంటలకు సగమైపోతుంది, నిల్వ పెట్టుకోవడం కుదరదు. అందుకే సీసపు కవచంలోని జనరేటర్‌లో మాలిబ్డినం-99 ఉంచి, అందులోంచి సెలైన్ పంపి, ఆవును పితికినట్టు ఏరోజుకారోజు పిండుకుంటారు. దాన్ని సెస్టామిబితో కలిపితే గుండె కండరానికి, హెచ్‌ఎంపీఏఓతో కలిపితే మెదడుకు చేరుతుంది. మోతాదు కొలవడం, నరం పట్టుకోవడం, అంతా గడియారం చూసుకుంటూనే.

ట్రెడ్‌మిల్‌పై గుండె వేగంగా కొట్టుకునేటప్పుడు సూది వేసి, తర్వాత గామా కెమెరా కింద పడుకోబెడతారు. శ్రమ బొమ్మలో మసకగా, విశ్రాంతి బొమ్మలో మామూలుగా కనిపించిన చోట రక్తం చాలడం లేదన్నమాట. రెండింటా మసకైతే చాలావరకు పాత దెబ్బే.

నన్ను అబ్బురపరిచేది మెదడు పరీక్ష. మూర్ఛ మొదలైన క్షణాల్లో సూది పడితే, ఆ నిమిషపు రక్తప్రవాహం ప్రకారం మందు మెదడులో నిలిచిపోతుంది. ఫిట్స్ తగ్గాక తీసిన బొమ్మలోనూ మూర్ఛ ఎక్కడ పుట్టిందో ఆచూకీ దొరుకుతుంది. ఎంత ఒడుపు కావాలి దానికి!

స్కాన్‌కు వెళ్లేవాళ్లు చెప్పిన వేళకే చేరండి. టీ, కాఫీ మానమంటే మానండి. గర్భంతో ఉన్నా, బిడ్డకు పాలిస్తున్నా ముందే చెప్పండి. మీ మోతాదు ఆ పూటకోసమే కలిపి ఉంచుతారు.