బ్రౌజరు మార్చినంత మాత్రమున సరిపోవునా?

ఇంటర్నెట్టు పుటలను తెరచి చూపు సాధనమునకు బ్రౌజరు అని పేరు. తెలుగులో విహారిణి అనియు వ్యవహరించుచున్నారు. దానికి స్వతస్సిద్ధముగా లేని శక్తిని కలిగించు చిన్న ప్రోగ్రాములే ఎక్స్‌టెన్షనులు. అలవాటుపడిన ఎక్స్‌టెన్షను ఒకనాడు పనిచేయక మానినచో, అనేకులు బ్రౌజరునే మార్చివేయుదురు. ఇది ఎంతవరకు సమంజసమో తెలుగువారి అనుభవము నుండియే విచారింపవచ్చును.

యూనికోడు వ్యాప్తిలోనికి రాకముందు ఈనాడు మొదలగు పత్రికలు ఇంటర్నెట్టులో తమ సొంత ఫాంట్లను వాడెడివి. ఆంగ్లాక్షరములకు కేటాయించిన సంఖ్యలయందే తెలుగు లిపి ముక్కలను, అనగా తలకట్లు, గుడులు, కొమ్ములు, ఒత్తులు మొదలైనవానిని అమర్చెడివారు. ఫాంటు ఉన్నచో తెలుగు కనబడును. లేనిచో అర్థము లేని ఆంగ్లాక్షరముల గుంపు మిగులును. పైగా ఏ ఫాంటు అమరిక దానిదే. కావున ఆ పుటలలో ఒక తెలుగు మాటను వెదకుటకు గాని, దానిని నకలు చేసి వేరొకచోట చేర్చుటకు గాని వీలు లేకుండెను. యూనికోడులో ఈ చిక్కు లేదు. 1991లో వెలువడిన మొదటి కూర్పు నుండియు అందు తెలుగునకు ప్రత్యేక స్థానములు కలవు. ‘క’ అను అక్షరమునకు ప్రపంచమంతటను 3093 అను సంఖ్యయే గుర్తు.

వెన్న నాగార్జున రచించిన ‘పద్మ’ అను ఫైర్‌ఫాక్సు ఎక్స్‌టెన్షను ఈ రెండు కాలములకు నడుమ వంతెనయైనది. పత్రిక పుట తెరచినంతనే అందలి ఫాంటు సంకేతములను అది యూనికోడులోనికి మార్చి చూపెడిది. తెలుగుతో మొదలై ఇతర భారతీయ లిపులకును విస్తరించినది. ఒక పత్రిక మారునంతవరకు పాఠకుడు వేచియుండ నక్కరలేకుండ చేయుటయే దాని గొప్ప గుణము. అయితే అది ఫైర్‌ఫాక్సు లోపలి నిర్మాణమును ఆశ్రయించి బ్రతికినది. దాని బలహీనతయు అదియే.

ఎక్స్‌టెన్షనులు బ్రౌజరు లోపలి ఏ భాగమునైనను తాకగల పాత పద్ధతిని విడుతుమని మొజిల్లా సంస్థ 2015 ఆగస్టులో ప్రకటించెను. 2017 నవంబరు 14న వెలువడిన ఫైర్‌ఫాక్సు 57తో అది అమలులోనికి వచ్చెను. పాత పద్ధతిని అనుసరించిన ఎక్స్‌టెన్షనులు, పద్మతో సహా, ఆ కూర్పులో పనిచేయవు. సంస్థ చెప్పిన కారణము తేలికగా త్రోసివేయదగినది కాదు. అన్నిటిని తాకగల ప్రోగ్రాము భద్రతకు ముప్పు. లోపల ఏ చిన్న మార్పు చేసినను అది చెడును. బ్రౌజరును వేరువేరు ప్రక్రియలుగా విభజించి వేగము పెంచుటకును అది అడ్డము. అయినను క్రొత్త పద్ధతిలో పాత శక్తులన్నియు లేవు. తీరిక వేళలలో పనిచేయు రచయితలు మొత్తము తిరిగి వ్రాయవలసివచ్చెను. కారణము న్యాయమైనదే, నష్టమును నిజమే.

క్రోము విషయము కొంత భిన్నము. ‘మానిఫెస్టు 3’ అను క్రొత్త నియమావళి వలన రేమండ్ హిల్ రచించిన ప్రసిద్ధ ప్రకటన నిరోధకము యూబ్లాక్ ఆరిజిన్ 2024, 2025 సంవత్సరములలో క్రమముగా క్రోములో నిలిచిపోయినది. పూర్వము పుట పంపు ప్రతి అభ్యర్థనను ఎక్స్‌టెన్షను స్వయముగా పరిశీలించి ఆపగలిగెడిది. ఇప్పుడు నియమముల పట్టికను ముందుగా అప్పగింపవలెను. ఆపు పని బ్రౌజరుదే. ఒక్కొక్క ఎక్స్‌టెన్షనుకు 30,000 స్థిర నియమములకే హామీ కలదు. ఇది గోప్యతకొరకే అను వాదము పూర్తిగా నిలువదు. ఏలయనగా అభ్యర్థనలను చూచు శక్తి క్రొత్త పద్ధతిలోను ఉన్నది, ఆపు శక్తియే తగ్గినది. ప్రకటనలే ప్రధాన ఆదాయముగా గల సంస్థ ఈ నిర్ణయము చేయుట అనుమానమునకు తావిచ్చినది. ఇట్టి స్థితిలో పాత శక్తిని నిలిపియుంచిన ఫైర్‌ఫాక్సుకు మారుట తగిన పనియే.

అయితే మార్పు అన్నివేళల మందు కాదు. నల్లగొండ జిల్లా ఫ్లోరైడు నీటినిగూర్చిన పత్రికా వార్తలను ఒక ఉపాధ్యాయుడు పూర్వము సొంత ఫాంటు రూపముననే దాచుకొనెననుకొందము. నేడు విద్యార్థులకు చూపబోయిన అక్షరములు కనబడవు. పాత ఎక్స్‌టెన్షనులలో కొన్నింటిని నడుపు పేల్‌మూన్ వంటి బ్రౌజరును ఆశ్రయింపవచ్చును. కాని అదియు ఎంతకాలము సాగునో ఎవరి వశమునను లేదు. ఆనాడే యూనికోడులోనికి మార్చి దాచియుండినచో పద్మ లేకపోయినను వార్త నిలిచెడిది.

మహబూబ్‌నగర్ సమీపమున గల పిల్లలమర్రిలో ఊడలు రెండు విధములు. నేలను తాకి వేరూనినది తానే మ్రానై కొమ్మను మోయును. గాలిలో వ్రేలాడునది కొమ్మ విరిగిన దానితోనే పడిపోవును. ఎక్స్‌టెన్షనుల సంగతియు ఇట్టిదే.

కావున ఉపాధ్యాయులు, విద్యార్థులు ఒక ఎక్స్‌టెన్షనుపై ఆధారపడుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. దాని వలన కలిగిన ఫలితము అందరికి తెలిసిన రూపమున నిలుచునా? దానియందు చేర్చిన జాబితాలను, అమరికలను బయటికి తీసి దాచవచ్చునా? రచయిత విరమించిన, మరియొకరు కొనసాగించుటకు దాని మూల ప్రోగ్రాము బహిరంగముగా నున్నదా? వీనికి ఔనని సమాధానము వచ్చినచో బ్రౌజరు మార్పు ఒక గంట పని. కాదని వచ్చినచో, ఎన్ని బ్రౌజరులు మార్చినను పోయినది తిరిగిరాదు.