వ్యూ కంప్యూటర్‌ది, ఎంపిక ఎవరిది?

సూరత్ పేరు చెప్పగానే తెలుగువారికి ముందుగా గుర్తొచ్చేవి మగ్గాలు. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్ళిన నేత కుటుంబాలు అక్కడి పవర్‌లూమ్‌ల మీద తరాలుగా పనిచేస్తున్నాయి. ఆ నగరానికి చేరువలో, తాపీ నది సముద్రంలో కలిసేచోట హజీరా ఉంది. అక్కడి లార్సెన్ అండ్ టూబ్రో కర్మాగారంలో తయారైన ఒక వస్తువు, ఇంజనీరింగ్ డ్రాయింగ్ చదివే ప్రతి విద్యార్థీ తెలుసుకోదగ్గది. దాని పేరు క్రయోస్టాట్. ఫ్రాన్సులోని కాదరాష్‌లో నిర్మిస్తున్న ఐటర్ అనే కేంద్రక సంలీన రియాక్టరును చుట్టి ఉండే స్టెయిన్‌లెస్ స్టీలు పాత్ర అది. వ్యాసం దాదాపు 29.4 మీటర్లు, ఎత్తు కూడా ఇంచుమించు అంతే. బరువు 3,850 టన్నులు. అంత పాత్రను ఓడ ఎక్కించలేరు కనుక 54 ముక్కలుగా చేసి పంపారు. చివరి ముక్కలు 2020లో బయలుదేరాయి.

ఇలాంటి పాత్రను కాగితం మీద చూపమని మీకే చెప్పారనుకోండి. కంప్యూటర్‌లో త్రిమితీయ నమూనా సిద్ధంగా ఉంది. డ్రాయింగ్ షీటు తెరిచి బటన్ నొక్కితే ముందు వ్యూ, పక్క వ్యూ క్షణంలో వచ్చేస్తాయి. ఇక చేయవలసింది ఏమీ లేదనిపిస్తుంది. మన కళాశాలల్లో క్యాడ్ పాఠం చాలావరకు ఇక్కడే ఆగిపోతోంది. నా అభ్యంతరం అక్కడే.

అన్నిటికన్నా పెద్దదైన ఏ0 షీటు పొడవు 1,189 మిల్లీమీటర్లు. 1:50 స్కేలులో మన పాత్ర వెడల్పు 588 మిల్లీమీటర్లు అవుతుంది. రెండు వ్యూలు పక్కపక్కన పెడితే 1,176. అంచులకూ, కొలతలకూ చోటు మిగలదు. కనుక 1:100కు దిగాలి. అప్పుడు 50 మిల్లీమీటర్ల మందం గల పలక కాగితం మీద అర మిల్లీమీటరు, అంటే ఒక గీత మందం! వెల్డింగు ఎలా చేయాలో ఆ గీతలో ఎవరు చూడగలరు? అందుకే ఆ అతుకు దగ్గర ఒక వలయం గీసి, దాన్ని 1:5 స్కేలులో డిటైల్ వ్యూగా వేరే చూపాలి. ఏ చోట వలయం గీయాలన్నది సాఫ్ట్‌వేర్ చెప్పదు. పనివాడు ఎక్కడ తడబడతాడో తెలిసినవాడే చెప్పగలడు.

ఒకే షీటు మీద వేర్వేరు స్కేళ్ళు పెట్టుకునే సౌకర్యం ఆటోక్యాడ్‌లో 1990లో వచ్చిన 11వ రిలీజుతో మొదలైంది. వస్తువును అసలు కొలతల్లో ఒకచోట గీస్తారు. కాగితం వేరు. కాగితానికి కిటికీలు తెరిచి, ఒక్కొక్క కిటికీలోంచి ఒక్కొక్క స్కేలులో వస్తువును చూస్తారు. ఈ కిటికీలే వ్యూపోర్టులు. గొప్ప ఆలోచనే. కానీ స్కేలు పెట్టాక కిటికీకి తాళం వేయకపోతే, మౌసు చక్రం ఒక్కసారి తిరిగినా స్కేలు మారిపోతుంది. కింద రాసిన 1:100 మాత్రం మారకుండా అలాగే ఉంటుంది.

ఇక్కడ ఒక మాట. ‘వ్యూ’ను దృశ్యం అని తెనిగించడం మామూలే గాని, అనువాదాలు చేసే నాకు ఆ మాట నచ్చదు. కంటికి కనిపించే దృశ్యంలో దూరమైనవి చిన్నవవుతాయి. డ్రాయింగ్‌లో అలా కాదు. సమాంతర కిరణాలతో వేసిన నీడ వంటిది అది. 18వ శతాబ్దంలో ఫ్రెంచి గణితవేత్త గాస్పార్ మోంజ్ ఈ పద్ధతికి శాస్త్రరూపం ఇస్తే, అక్కడి సైన్యం చాలాకాలం రహస్యంగా దాచుకుంది.

అసలు ప్రమాదం ఎడమ కుడులది. ముందు వ్యూకు కుడిపక్కన మరో వ్యూ ఉందనుకోండి. ఫస్ట్ యాంగిల్ పద్ధతిలో అది వస్తువును ఎడమవైపు నుంచి చూసినది. థర్డ్ యాంగిల్‌లో అదే కుడివైపు నుంచి చూసినది. మన దేశంలో ఎస్‌పీ 46 ప్రమాణం ఫస్ట్ యాంగిల్‌నే సూచిస్తుంది. అమెరికాలో వాడుక థర్డ్ యాంగిల్. సాఫ్ట్‌వేర్ తెరిచినప్పుడు ఏది వస్తుందన్నది టెంప్లేటును బట్టి ఉంటుంది. క్రయోస్టాట్ గోడకు చిన్నా పెద్దా కలిపి 200 పైచిలుకు ద్వారాలున్నాయి. కొన్ని నాలుగు మీటర్ల వరకు ఉంటాయి. గుండ్రటి పాత్ర ఎటు చూసినా ఒకటే కనుక, ఇలాంటి వస్తువుకు దిక్కు చెప్పేవి ఆ ద్వారాలే. మన డ్రాయింగ్‌లో పక్క వ్యూలో ఒక ద్వారం కనిపించింది. ముందు వ్యూ శుభ్రంగా ఉండాలని ఎవరో చుక్కగీతలు తీసేశారు. ఇక ద్వారం ఏ వైపుదో చెప్పేది శీర్షిక గడిలోని తల తెగిన శంకువు గుర్తు ఒక్కటే. చాలా టెంప్లేట్లలో ఆ గుర్తు విడిగా అతికించిన బొమ్మ! అమరిక మార్చినా అది దానంతట అది మారదు. తప్పు తెలిసేసరికి పలక కోసేసి ఉంటారు.

సెక్షన్ వ్యూల సంగతీ అంతే. రిబ్బును పొడవునా కోసినప్పుడు హ్యాచింగ్ గీయకూడదని పాఠంలో ఉంది. గీస్తే పలుచని రిబ్బు దిమ్మలా కనిపిస్తుంది. ప్రత్యేకంగా చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ దాన్నీ గీతలతో నింపుతుంది. నమూనా మారితే వ్యూలు వాటంతట అవే మారతాయని ప్రకటనలు చెప్పేది నిజమే. కానీ రంధ్రం జరిగినా, సెక్షన్ గీతను దానికి కట్టి ఉంచకపోతే గీత పాతచోటే ఉంటుంది. బొమ్మ కొత్తది, అందులో రంధ్రం మాయం.

తప్పంతా సాఫ్ట్‌వేర్‌ది అనను. గుజరాత్‌లోనే, ఆనంద్‌లోని చరోతర్ సంస్థ ప్రచురించిన ఎన్.డి. భట్ గారి డ్రాయింగ్ పుస్తకాన్ని మనవాళ్ళు తరతరాలుగా చదువుతున్నారు. మొదటి, మూడవ కోణాలనే ఎందుకు వాడతామో ఆ పుస్తకం ఓపికగా చెబుతుంది. మిగిలిన రెండు కోణాల్లో వ్యూలు ఒకదానిపై ఒకటి పడతాయి. క్యాడ్ శిక్షణలో ఈ ‘ఎందుకు’ కనిపించదు. కానీ పరీక్షపత్రం మాత్రం కాగితం రోజుల్లోనూ, కంప్యూటర్ రోజుల్లోనూ ఒకటే: ముందు వ్యూ, పై వ్యూ, పక్క వ్యూ గీయుము. ఏవి గీయాలో ముందే చెప్పేశాక విద్యార్థి ఆలోచించడానికి ఏం మిగిలింది?

ప్రశ్న ఇలా ఉండవచ్చు: సాదా స్థూపం ఒకటి, గోడకు ఒక గుండ్రటి ద్వారం ఉన్న గుల్ల స్థూపం ఇంకొకటి. ఒక్కొక్కదానికి కనీసం ఎన్ని వ్యూలు కావాలి? మొదటిదానికి, వ్యాసం గుర్తుతో కొలత వేస్తే, ఒక్క వ్యూ చాలు. రెండవదానికి ద్వారం ఎంత ఎత్తున ఉందో ఒక వ్యూ చెబుతుంది, చుట్టుకొలతలో ఎన్ని డిగ్రీల దగ్గర ఉందో పైనుంచి చూసిన వ్యూ చెబుతుంది. మూడోది గీసినవారికి మార్కులు తగ్గించవచ్చు.